అధిక మాసం వచ్చేదాకా

వాన మొదలైతే పిల్‌సున్ కొండెక్కేది. వాన వెలిస్తే మళ్లీ ఎక్కేది. ఆ ఏడాది ముసురు రోజుల్లో తల్‌బత్ ఊరివాళ్లకు ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఆకాశం వంక చూడటం మానేసి ఆవిడ గుమ్మం వంక చూసేవాళ్లు. నీలం ప్లాస్టిక్ బరకం చుట్టచుట్టి వీపున వేసుకుని ఆవిడ బయల్దేరిందంటే, ఆరేసిన బట్టలు లోపల పడేసేవాళ్లు.

కొండమీద ఆవిడ మొగుడు దుసొప్ సమాధి ఉంది. సమాధి అంటే రాయీ సిమెంటూ కాదు. గుండ్రంగా మట్టి దిబ్బ పోసి, పైన పచ్చగడ్డి పెళ్లలు పరుస్తారు, అంతే. గడ్డి వేరు పట్టుకుంటే ఆ దిబ్బ వందేళ్లు కదలదు. దుసొప్ దిబ్బ మీద గడ్డి వేరు పట్టలేదు. మట్టి జారిపోతోంది.

దుసొప్ పోయింది నడి చలికాలంలో. మిరపకాయలు ఎండబెట్టే గది తలుపు బందు బిగిస్తూ, నోట్లో స్క్రూ పెట్టుకుని అలాగే కూలబడ్డాడు. పిల్‌సున్ ముందుగా చేసిన పని, అతని నోట్లోంచి ఆ స్క్రూ తియ్యడం. తర్వాత ఏం చేసిందో ఆవిడకు సరిగ్గా గుర్తులేదు. చావింట్లో గొంతెత్తి ఏడవాలి. పిల్‌సున్ ఏడవలేదు. వచ్చినవాళ్లకు వేడివేడిగా కారం పులుసు పోసింది, గిన్నెలు కడిగింది, చెప్పులు జతలు జతలుగా సర్దింది. తోడికోడలు పమ్‌గోల్ అక్కే గుండెలు బాదుకుని ఏడ్చింది. పమ్‌గోల్ అనేది ఆవిడ పుట్టిల్లు. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఊరంతా ఆవిణ్ని ఆ పేరుతోనే పిలుస్తారు. “నీ వంతు ఏడుపు కూడా నేనే ఏడ్చానే తల్లీ, గొంతు పోయింది” అని తర్వాత అందరి ముందూ అంది. పిల్‌సున్ ఆవిడకు తేనె కలిపిన వేణ్నీళ్లు ఇచ్చింది.

సమాధికి చోటు చూసింది పమ్‌గోల్ అక్క మొగుడు, బావగారు మన్‌సొప్, దుసొప్‌కి అన్న. వంశానికి పెద్ద ఆయనే కాబట్టి ఆయన మాటే మాట. తలవైపు శిఖరం, కాళ్లవైపు ఏరు, ఇంతకంటే మంచి చోటు దొరకదని నేల చూసి చెప్పే ఆయన కూడా అన్నాడు. కానీ పిల్‌సున్ కాపురానికి వచ్చినప్పటినుంచీ వాలు చేలో మిరప పెంచిన మనిషి. ఆ చోటు కాస్త గుంటగా ఉందని, పైన పడ్డ చుక్క చుక్కా అక్కడికే దిగుతుందని చూడగానే తెలిసింది.

దుసొప్ కుర్రతనంలో పరాయివాళ్ల వరిమళ్లలో కూలిపని చేశాడు. నీళ్లలో నాని నాని కాలివేళ్ల సందులు ఎప్పటికీ మానలేదు. కల్లు తాగినప్పుడల్లా ఒకటే మాట. పోయాకైనా నన్ను పొడినేల మీద పెట్టవే అనేవాడు. ఆ మాట చెబుదామనే ఆ రోజు ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు. భయం కాదు, మొహమాటం కాదు, ఊరికే రాలేదు. గడ్డకట్టిన నేల మీద మంట పెట్టి మెత్తబరిచి, మగవాళ్లు తవ్వుతుంటే చూస్తూ నిలబడింది.

అప్పటినుంచీ అలాగే ఉంది. ఎవరైనా పలకరిస్తే తలూపుతుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, రుచి తెలియదు. పమ్‌గోల్ అక్క పులుసులో ఉప్పు గుమ్మరిస్తుందని ఊరంతా ఆడిపోసుకుంటారు. పిల్‌సున్ మాత్రం ఆవిడ పంపిన గిన్నె అడుగుదాకా తాగి, కడిగి, తిరిగి ఇచ్చేది.

వసంతం వచ్చి నేలలో మంచు కరగ్గానే దిబ్బ ఒక పక్కకు కుంగింది. పైన గడ్డి పెళ్లలు సరిగా కూర్చోని సవరంలా వేలాడాయి. ఏప్రిల్ మొదట్లో చల్లన్నం పండుగ వస్తుంది. పెద్దల సమాధులు బాగుచేసుకునే రోజు అదే. ఆ రోజున పార వేసి, మట్టి నింపి, గడ్డి మార్చుకుంటే సరిపోయేది. సరిగ్గా ఆ పండుగ ముందే కొండ తగలబడింది. మంట ఊరిమీదికి రాలేదు, సమాధులదాకా కూడా రాలేదు. శిఖరం వైపున్న పైన్ చెట్లన్నీ నిలువునా బొగ్గయ్యాయి. కొండమీదికి ఎవరూ పోకూడదని అధికారులు దారికి అడ్డంగా తాడు కట్టారు. ఆ తాడు తీసేసరికి పండుగ దాటిపోయింది.

చెట్లు లేని కొండ, వేరు పట్టని గడ్డి, గుంటలో దిబ్బ. ముసురు తొలి వానకే దిబ్బ ముందువైపు మట్టి గుప్పెడు గుప్పెడుగా జారి, కింద ఎర్రటి నాలుకలా పరుచుకుంది.

పిల్‌సున్ బావగారింటికి వెళ్లింది. సమాధికి పైన అడ్డంగా ఒక కాలవ తీస్తే చాలు, నీళ్లు పక్కకి పోతాయి అంది. మిరప చేలో అయితే ఎవరైనా ముందు చేసేది అదే.

మన్‌సొప్ ఆవులకు మేత వేస్తూ వెనక్కి తిరక్కుండానే అన్నాడు. “నాకు తెలీదా అమ్మాయ్? నేను వేసేదీ మిరపే. కానీ రోజు కాని రోజున సమాధి దగ్గర పార వెయ్యకూడదు.”

“ఎన్నాళ్లు బావగారూ?”

“ఈ ఏడు ఆరో నెల రెండుసార్లు వస్తుంది. అధిక మాసం. ఆ నెల్లో నేలకి కాపలా కాసే దేవుళ్లందరికీ సెలవు. అప్పుడు నువ్వు కొండ మొత్తం తిరగేసినా అడిగేవాడుండడు. అందాకా పార కాదు గదా, మేకు మొన కూడా దిగనివ్వకు.”

పక్క ఊళ్లో ఒకాయన రోజు చూసుకోకుండా తండ్రి సమాధి ముందున్న మెట్టు కదిలించాడని, వారం తిరక్కుండా మూతి వంకరపోయిందని, మట్టి దోషం అతనితో ఆగక కడుపుతో ఉన్న కూతురిదాకా పోయిందని ఆయన చెప్పాడు. చెప్పి, నాలిక కరుచుకుని, ఆవు మూతి తుడవడం మొదలుపెట్టాడు. పిల్‌సున్ కూతురు సొన్‌మి తేగు పట్నంలో ఉంది. కడుపుతో ఉంది.

మట్టి దోషం నిజమో కాదో పిల్‌సున్‌కి తెలియదు. నమ్మకం ఉందా అని అడిగితే ఏం చెప్పేదో కూడా తెలియదు. చెయ్యి మాత్రం పారమీదికి వెళ్లలేదు. అంటే ఇక మిగిలింది ఒకటే. తవ్వకుండా, గుచ్చకుండా, ఆ వాలు మీద ఆ మట్టిని అధిక మాసందాకా ఆపాలి.

మొదట బరకం కప్పింది. మేకులు కొట్టకూడదు కాబట్టి ఏటి రాళ్లు మోసుకెళ్లి అంచులమీద పెట్టింది. వాన దానిమీద టపటపా కొట్టి జారిపోయింది. మట్టి కదల్లేదు. బాగానే ఉందనుకుంది. ఆ తర్వాత ఎండలు కాశాయి, చేలో మిరపకాయలు ఎర్రబడ్డాయి, ఆవిడ కోతల్లో పడింది. కొండమీది బరకం సంగతి మరిచిపోయింది. మిరప చేలో మొక్కల మొదళ్ల చుట్టూ ప్లాస్టిక్ పరిచి నెలల తరబడి వదిలేసే చెయ్యి అది. కప్పినదాన్ని విప్పడం దానికి అలవాటు లేదు.

మళ్లీ వెళ్లి బరకం ఎత్తితే ఉడికిన ఆకుకూర వాసన వచ్చింది. గడ్డి మొత్తం పసుపుపచ్చగా మారి, వేలితో తాకితే జిగురుగా ఊడొచ్చింది.

వెనకాలే వచ్చిన పమ్‌గోల్ అక్క ముక్కు మూసుకుంది. “బాగుందే. మొగుణ్ని ఆవిరిమీద ఉడకబెట్టావు” అంది. ఆ మాటకి తనే నవ్వబోయి, పిల్‌సున్ మొహం చూసి ఆగిపోయింది. పిల్‌సున్ కోపంగా లేదు. ఏడుపుగానూ లేదు. ఊడిన గడ్డిని ఒక్కో పోచా తీసి పక్కన కుప్ప పెడుతోంది, చేలో కుళ్లిన కాయలు ఏరినట్టు.

అప్పటినుంచే వానకి కప్పడం, ఎండకి విప్పడం మొదలైంది. పొద్దున ఎక్కి, దిగి, మధ్యాహ్నం మబ్బు వేస్తే మళ్లీ ఎక్కేది. మోకాళ్లు నొప్పెట్టేవి. ఆ నొప్పి ఎవరి మోకాళ్లదో అన్నట్టు ఎక్కడో దూరంగా తెలిసేది. సాయంత్రాలు సొన్‌మి ఫోన్ చేసేది. నాన్నని దహనం చేసి అందరిలాగా అస్థికలు ఒక గూట్లో పెట్టుంటే ఈ బాధ ఉండేది కాదు కదమ్మా, ఆ వాలు మీద జారి పడితే ఎవరు చూస్తారు అని మొత్తుకునేది. పిల్‌సున్ సరే అనేది. దేనికి సరే అందో ఇద్దరికీ తెలిసేది కాదు.

ఒక రోజు మన్‌సొప్ ఏమీ చెప్పకుండా ఆవిడ వాకిట్లో ఒక ట్రాక్టరు వరిగడ్డి దింపి పోయాడు. ఆవుల మేత గడ్డి అది. పిల్‌సున్ దాని పక్కన కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు తండ్రి ఇంటి పైకప్పుకి గడ్డి చాపలు అల్లుతుంటే అందించేది. ఆ అల్లిక వేళ్లకి గుర్తుంది. గడ్డి చాప వానని ఆపదు, దెబ్బని ఆపుతుంది. చినుకు గడ్డిమీద పడి, మెల్లగా కిందికి ఇంకి, చుక్క చుక్కగా దిగుతుంది. ఎండ వచ్చినా కింద గాలి ఆడుతుంది. చాపలు దిబ్బమీద కిందినుంచి పైకి చేపపొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పరిచి, పైన గడ్డితాళ్లు వలలా వేసి, తాళ్ల కొసలకి రాళ్లు కట్టి రెండు పక్కలా వేలాడదీసింది. పాతకాలం ఇళ్ల కప్పులు గాలికి లేవకుండా అలాగే కట్టేవాళ్లు.

మన్‌సొప్ చూడ్డానికి వచ్చాడు. వంగి, చుట్టూ తిరిగి, ఎక్కడైనా మేకు దిగిందేమోనని చాపల అంచులెత్తి మరీ వెతికాడు. దొరకలేదు.

“ఇల్లు కప్పినట్టుందే” అన్నాడు.

“ఇల్లేగా” అంది పిల్‌సున్.

ఆయన సిగరెట్టు వెలిగించుకుని, దిగిపోయేముందు తాళ్లకి వేలాడే రాళ్లని కాలితో కాస్త కదిపి చూసి పోయాడు.

గడ్డి చాపలు పైనుంచి పడే వానకి సరిపోయాయి. కానీ కాలిన శిఖరం మీదినుంచి నేలని రాసుకుంటూ వచ్చే నీళ్లు చాపల కిందినుంచి దూరేవి. వాటిని మళ్లించాలి. తవ్వకుండా ఎలా? పిల్‌సున్ చేలో మట్టిని బస్తాల్లో నింపి, వీపున తగిలించుకునే కొయ్య చట్రానికి కట్టి, మోయగలిగినంత మోసుకుంటూ పైకి చేర్చింది. పైన కాలి పడిపోయిన పైన్ దుంగలు ఉండనే ఉన్నాయి. సమాధికి పైన వాలు మీద దుంగల్ని ఏటవాలుగా దొర్లించి పెట్టి, వాటికి ఆనించి బస్తాలు వరస పేర్చి, సందుల్లో పాత ప్లాస్టిక్ కుక్కింది. నేలలోకి ఒక్క పోటు దిగలేదు. నీళ్లు ఆ గట్టు వెంట జారి ఎడమవైపుకి తిరిగాయి. ఎడమవైపుకి తిరిగి ఎటు పోతున్నాయో ఆవిడ చూడలేదు. దుసొప్ వైపు రావడం లేదు, అంతవరకే చూసింది.

ఎడమవైపు ఇంకో దిబ్బ ఉంది. వంశం వాళ్లది కాదు. ఎవరిదో, ఏ కాలం నాటిదో ఎవరికీ తెలియదు. వారసులెవరూ వచ్చిన గుర్తు లేదు. శరదృతువు పండుగ ముందు అన్నదమ్ములు సమాధుల మీద గడ్డి కోయడానికి వచ్చినప్పుడు, మనవాళ్లందరివీ అయ్యాక దుసొప్ ఆ దిబ్బ మీది గడ్డి కూడా కోసేవాడు. మిగిలిన కల్లు ఒక గిన్నెడు దానిమీద పోసేవాడు. మనకి చాకిరీ తక్కువైందా అని అన్న విసుక్కుంటే, “రేపు నేను పడుకునేది ఈ పెద్దాయన పక్కనే కదన్నయ్యా, ఇప్పట్నుంచే మంచి చేసుకుంటున్నా” అనేవాడు.

అధిక మాసం ఇంకో వారంలో పడుతుందనగా పెద్ద వాన వచ్చింది. ఎవరూ ఇల్లు కదలొద్దని ఊరి మైకులో గొంతు అరిగేదాకా చెప్పారు. పమ్‌గోల్ అక్క వచ్చి పిల్‌సున్ పక్కనే కూర్చుంది. ఈ పిచ్చిది కొండెక్కుతుందేమోనని కాపలా. పిల్‌సున్ ఎక్కలేదు. తలుపు తీసుకుని వసారాలో కూర్చుని, కళ్లముందు నీళ్లు తెరలా దిగుతుంటే చూస్తూ మిరపకాయల తొడిమలు తీసింది. అక్క ఏదేదో చెబుతూనే ఉంది. ఆ చెప్పేది కూడా వానలాగే వినిపించింది.

వాన తెరిపిచ్చిన పొద్దున ఎక్కింది. దారి చాలా చోట్ల కోసుకుపోయింది. దుసొప్ దిబ్బ ఉన్నట్టే ఉంది. చాప ఎత్తి చెయ్యి పెట్టింది. మట్టి పొడిపొడిగా తగిలింది. ఆవిడ కోరింది అదే. ఇన్నాళ్లూ ఎక్కింది, దిగింది అందుకే. తన లోపల ఏమైనా కదులుతుందేమోనని కాసేపు ఆగింది. ఏమీ కదల్లేదు. చాప మళ్లీ కప్పి, లేచి, ఎడమవైపు చూసింది.

పెద్దాయన దిబ్బ సగం లేదు. తన బస్తాల గట్టు ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడినుంచి నీళ్లు గండి కొట్టుకుని నేరుగా దాని నడుములోంచి పోయాయి. పాత గడ్డి వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఎర్రమట్టి కింద వాగుదాకా సాగిపోయింది.

పిల్‌సున్ వాళ్ల మిరప చేను పక్కన, కాస్త కిందుగా వేరేవాళ్ల చేను ఉంది. తన చేలో నీళ్లు ఆ చేలోకి తోలెయ్యడం చాలా తేలిక, ఒక పార వేటు చాలు. దుసొప్ ఏనాడూ ఆ వేటు వెయ్యలేదు. ఆ చేను అంచు వెంబడే చుట్టూ తిప్పి, ఏటిదాకా కాలవ తీసేవాడు. ప్రతి ఏడూ పూడిపోయేది, ప్రతి ఏడూ తీసేవాడు. పక్కవాడు నిద్రపోతుంటే నీళ్లు తోలే మనిషినా నేను అనేవాడు.

ఆవిడ ముందు ఆకలేస్తోందనుకుంది. ఆకలి కాదు, సిగ్గు. పక్కింటాయనకు మొహం ఎలా చూపించాలి అన్నట్టుండే మామూలు సిగ్గు. మొగుడు పోయాక ఆవిడకు స్పష్టంగా తెలిసిన మొదటి సంగతి అదే.

వీపున ఉన్న నీలం బరకం విప్పి పెద్దాయన మీద కప్పింది. కిందికి దిగి, మళ్లీ బస్తాలు నింపింది. అధిక మాసం వచ్చేదాకా రోజూ మోసి, ఆ గట్టుని రెండు దిబ్బలూ దాటించి వాగుదాకా పొడిగించింది. ఎండ కాసినప్పుడల్లా బరకం విప్పింది. ఈసారి మరిచిపోలేదు.

అధిక మాసం వచ్చింది. మన్‌సొప్ ట్రక్కులో కొత్త గడ్డి పెళ్లలు వేసుకొచ్చాడు. దుసొప్ దిబ్బ కొలత చూసుకుని, సరిగ్గా దానికి సరిపోయేటన్ని. పమ్‌గోల్ అక్క అన్నం, పులుసు, కల్లు మూట కట్టుకుని వెనకాల రొప్పుతూ వచ్చింది. ముగ్గురూ పెళ్లలు పైకి చేర్చారు. పిల్‌సున్ మొదటి వరస తీసుకెళ్లి ఎడమవైపు దించింది.

“అటెక్కడికి? మనవాడు ఇటు” అన్నాడు మన్‌సొప్.

“ముందు ఇక్కడ బావగారూ.”

“ఎవరో ఊరూ పేరూ తెలియనివాడు. మనవాడు పొడిగా ఉన్నాడా లేడా?”

“ఉన్నాడు.”

“మరింకేం?”

“ఈ నీళ్లు నేను తోలాను” అంది పిల్‌సున్. అన్ని నెలల్లో ఆవిడ గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. “ఆయన ఉంటే తోలనిచ్చేవాడు కాదు.”

మన్‌సొప్ పెళ్లల కుప్ప వంక చూశాడు. రెండింటికీ చాలవు, దుసొప్‌కి సగమే మిగులుతుంది, మిగతా సగం మట్టిగానే ఉంటుంది అన్నాడు. సగం చాలు, మిగతాదానికి గడ్డి చాపలు ఉన్నాయిగా, మళ్లీ చల్లన్నం పండుగదాకా నేను చూసుకుంటాను అంది ఆవిడ. అంటే మంచు కురిసినా ఎక్కుతావన్నమాట అన్నాడాయన. తలూపింది. వీళ్ల గొడవ తేలదని పమ్‌గోల్ అక్క అప్పటికే ఒక పెళ్ల తీసుకెళ్లి పెద్దాయన నడుము మీద పెట్టి, అరచేత్తో తట్టి కూర్చోబెడుతోంది.

మన్‌సొప్ గొణుక్కుంటూ పార తీశాడు. బస్తాల గట్టు వెంబడే కాలవ గీత గీశాడు. ఆయనంతట ఆయనే దాన్ని రెండు దిబ్బలూ దాటించి, చుట్టూ తిప్పి, వాగుదాకా తీశాడు. తమ్ముడు ఎలా తీసేవాడో, అచ్చం అలాగే.

పని అయ్యాక కల్లు పోశారు. పిల్‌సున్ మొదటి గిన్నె ఎడమవైపు పోసి, చేతులు నేలకానించి వంగింది. ఏమని వేడుకోవాలో తెలియలేదు. “పెద్దాయనా, ఈయనకి నీళ్లు పడవు. అందుకని చేశాను” అంది. లేచింది. దుసొప్ దగ్గర మాత్రం చాప అంచు సరిచేసింది.

నీడ లేదు కాబట్టి దిబ్బల మధ్యే కూర్చుని తిన్నారు. మన్‌సొప్ అన్నంలో పులుసు కలుపుకుని తల వంచుకుని తింటున్నాడు. పిల్‌సున్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగింది.

“అక్కా, ఇందులో ఉప్పెక్కువైంది.”

పమ్‌గోల్ అక్క చెంచా కింద పెట్టింది. “చలికాలం నుంచీ నీకు పంపేది ఇదే పులుసు. ఇదే ఉప్పు.”

పిల్‌సున్ గిన్నెలోకి చూసింది. నీళ్లు పోసుకుని కలుపుకుంది. ఇంకో చెంచా తాగింది. ఇంకా ఎక్కువగానే ఉంది. ఈలోగా శిఖరం మీద మబ్బు కమ్మితే, గిన్నె పక్కన పెట్టి రాళ్లు కట్టిన తాళ్లు చూడ్డానికి లేచింది.